ఇరవై ఎనిమిది

కదలకు అన్నారు మాస్టారు, నేనేదో కదిలినట్టు. మూడేళ్ళుగా ఈ పీట మీద నిలబడుతున్నాను, కదలకుండా ఉండటం తప్ప నాకొచ్చిన విద్య ఇంకొకటి లేదు, అయినా రోజుకోసారి ఆ మాట అనకపోతే ఆయన చేతిలో గుండుసూది నిలవదు. పదకొండైంది. తల తిప్పకూడదు గనక నా లోకమంతా ఎదురుగోడే: గడియారం, దాని కింద కిటికీ, కిటికీ పక్కన నాలాంటిదే ఇంకో బొమ్మ, చెక్కది, తల లేనిది. బట్ట దాని మీద ముచ్చటగానే కూర్చుంటుంది గానీ, వంగితే ఎక్కడ పట్టేస్తుందో, చెయ్యెత్తితే ఎక్కడ లాగుతుందో అది చెప్పలేదు. అందుకని నన్ను పెట్టుకున్నారు. ఈ కుట్టు ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి ప్యాంటూ, ప్రతి గౌనూ ముందు నా ఒంటి మీద పుట్టాలి. కోరా గుడ్డ కత్తిరించి, నాకు చుట్టి, సూదులు గుచ్చి, సుద్దతో గీతలు గీసి, విప్పి, ఆ గీతల ప్రకారం కాగితం మీద నమూనా దిద్దుతారు. అది మీడియం సైజు. చిన్న సైజులూ పెద్ద సైజులూ దాన్నుంచే లెక్కగట్టుకుంటారు. చార్టులో మీడియానికి నడుము ఇరవై ఎనిమిది అంగుళాలని రాసి ఉంది, కాబట్టి నా నడుము ఇరవై ఎనిమిది. ప్రతి సోమవారం పొద్దున్నే మాస్టారు టేపు వేసి చూస్తారు. ఉన్నావు అని చెబుతారు, ఉంది అని రాసుకుంటారు. నా పేరు రిజిస్టరులో ఉందో లేదో గానీ, ఇక్కడ అందరికీ నేను బొమ్మనే. చెక్కది పెద్ద బొమ్మ, నేను చిన్న బొమ్మ.

ఇవాళ తొంభై నాలుగో రోజు. ఎవరికీ చెప్పకుండా లెక్కపెట్టుకోవడం కూడా ఒక పనే, పొద్దున లేవగానే పళ్ళు తోముకునే లోపు అయిపోతుంది, తొంభై రెండు, తొంభై మూడు, ఇవాళ తొంభై నాలుగు. పద్నాలుగో ఏట మొదలైనప్పటి నుంచీ నాకు ఇరవై ఎనిమిది రోజులకోసారి ఠంచనుగా వచ్చేది, అక్క కుళ్ళుకునేది కూడా, నీ దగ్గర రైలు టైము చూసుకోవచ్చే అని. నడుమూ అంతే, నెలా అంతే, ఇరవై ఎనిమిది నాకు కలిసొచ్చిన అంకె అని ఒకప్పుడు నవ్వుకునేదాన్ని. అది మొదట ముప్పై అయిదయింది. తర్వాత నలభై రెండయింది. ఆ తర్వాత రావడమే మానేసింది, చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన అద్దెవాళ్ళలాగా. మొదటి నెల హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మొదటి రోజు ఈ పీట మీద నిలబడటం ఎంత నరకమో నిలబడిన వాళ్ళకి తెలుస్తుంది. నడుము లాగేస్తూ ఉంటే, కాళ్ళు పీకేస్తూ ఉంటే, కదలకు అంటారు. రెండో నెల కూడా హాయిగానే ఉంది. మూడో నెలలో హాయి పోయి భయం వచ్చింది.

ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది పిన్నుల పిన్ని. ఆవిడ అసలు పేరు ఆవిడ మొగుడికైనా గుర్తుందో లేదో. పీట పక్కన చిన్న స్టూలేసుకుని, మణికట్టుకి సూదుల దిండు కట్టుకుని, మాస్టారు చెయ్యి చాచగానే ఒక్కో గుండుసూదీ అందిస్తుంది, ఇరవై ఏళ్ళుగా అదే పని. ఆవిడ కూర్చునే ఎత్తుకి మనుషుల ముఖాలు కనిపించవు, నడుములే కనిపిస్తాయి. నెలకోసారి నేను ఆవిడని నొప్పి మాత్ర అడిగేదాన్ని, ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. మూడు నెలలుగా అడగలేదు. మొన్నామధ్య చేతులు కడుక్కునే చోట నా పక్కకొచ్చి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో, నెల తప్పిందేమే అని అడిగింది. లేదు పిన్నీ అన్నాను. లేదంటే రాకుండా ఉంటుందా అంది. మన మాటల్లోనే ఉంది చూడండి, నెల తప్పిందంటే ఇంక ఒకటే అర్థం, కడుపు. ఇంకో కారణానికి చోటే ఉంచలేదు ఎవరూ. అద్దాలు బిగించే అతనొకడు ఉండేవాడు, బస్సులో పరిచయం, చేతుల నిండా గీతలు, మంచివాడే. అతనితో మాటలు ఆగిపోయి ఏడాది దాటింది. ఏడాది దాటినా కడుపొస్తుందంటే అది వార్తాపత్రికలో వెయ్యాల్సిన సంగతి. ఇదంతా పిన్నికి చెప్పలేదు. పిన్ని కూడా ఎవరికీ చెప్పలేదు, ఆ గుణం గొప్పది. సూది అందించేటప్పుడు మాత్రం నా పొట్ట వైపు ఒక్క క్షణం ఎక్కువ చూస్తుంది, ఇదిగో, ఇప్పుడూ చూసింది.

ఎడమ పక్కకి తిరుగు అన్నారు మాస్టారు. తిరిగాను. ఇప్పుడు నా లోకం ఇస్త్రీ బల్ల. ఇంతకుముందు మా గది మేడ మీద ఉండేది, పది నెలల కిందట కిందికి దించి ఇస్త్రీ విభాగం పక్కన పడేశారు. పొద్దస్తమానం ఆవిరి. మాస్టారికి ఈ గదంటే మంట, సున్నం రాలుతోందంటారు, వెలుతురు లేదంటారు, టేపు తగిలించుకోవడానికి ఒక మేకైనా కొట్టలేదంటారు, ఉన్నది ఒకటే కొక్కెం, అది ఇస్త్రీ బల్ల మీద, ఆవిరి గొట్టం పక్కన. గుచ్చేటప్పుడు మెడలో టేపుంటే సూదులకి అడ్డమని విసుగ్గా తీసి అక్కడే తగిలిస్తారు. ఆ టేపంటే ఆయనకి ప్రాణం. ఆయన గురువు ఇచ్చాడట, పనిలో చేరిన రోజున. అంచులు అరిగి, అంకెలు మసకబారి, ఆయన మెడ వాసన పట్టేసిన టేపు. ఎవరైనా పెద్దమనిషి వచ్చి కాస్త వదులుగా పట్టండి మాస్టారూ అంటే, టేపుకి చుట్టరికం లేదండీ అంటారు. ఆ మాట ఆయన సంతకం లాంటిది. మాకు నోటికొచ్చేసింది, ఆయన నోరు తెరవగానే పిన్నీ నేనూ మనసులో ముందే అనేసుకుంటాం.

పన్నెండింటికి క్వాలిటీ మేడం వస్తుంది, హెడ్డాఫీసు నుంచి. మెట్ల దగ్గర అట్టపెట్టెలు నడుమెత్తు పేరుకుపోయాయి, దుకాణాల నుంచి వెనక్కొచ్చిన ప్యాంట్లు, అన్నిటిదీ ఒకటే ఫిర్యాదు, నడుము దగ్గర పట్టేస్తోంది, హుక్కు పడటం లేదు. కొలిచి చూస్తే నిజంగానే అంగుళం తక్కువున్నాయట. ఇంక కారణాలు చెప్పడానికి మనుషుల కరువా. గుడ్డ మంచిది కాదు, ఆవిరి తగలగానే ముడుచుకుంటోందని మాస్టారు. గుడ్డది కాదు, కుట్టేవాళ్ళు అంచు ఎక్కువ మడుస్తున్నారని ఇస్త్రీ వాళ్ళు. కుట్టేవాళ్ళేమో లోకంలో ఆడవాళ్ళందరూ తిని తిని ఊరిపోతుంటే మమ్మల్నంటారేం అని. ఎవరో ఒక బుద్ధిమంతుడు మాత్రం రిపోర్టులో ఒక వాక్యం రాశాడు, నమూనా మనిషి లావెక్కిందేమో, కొలత సరిచూడాలి, తేడా ఉంటే మార్చాలి అని. వాడికి బట్టలు కుట్టడం రాదని ఆ వాక్యంతోనే తెలిసిపోతుంది. నేను లావెక్కితే ప్యాంట్లు వదులవుతాయి గానీ బిగుతెందుకవుతాయి. అయినా లావెక్కడమా, నేనా? ఆ మాట చదివిన రోజు రాత్రి నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

ఏం తింటున్నావు అని నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా అంతే, నవ్వే వచ్చింది ముందు. ఆవిడకి జలుబు. ముక్కు తుడుచుకుంటూ, తుమ్ముతూ, నా కాగితాలు చూస్తూ ఎంత మామూలుగా మాట్లాడిందంటే, కూరగాయల దుకాణంలో నిలబడ్డట్టే ఉంది నాకు. ముందు మూత్ర పరీక్ష చేయించింది. ఇంట్లో రెండుసార్లు చేసుకున్నానండీ అంటే, మూడోసారి మా తృప్తికమ్మా అంది. ఇంట్లో చేసిన రెండూ అక్క కొనుక్కొచ్చినవి. ఒక్క గీతే వచ్చింది రెంటిలోనూ, అయినా అక్క వాటిని కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తిపట్టి, దొంగనోటు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. రెండో గీత లేదని తేలాక నాది కచ్చితంగా థైరాయిడే అంది. అక్కకి థైరాయిడ్ ఉంది, రోజూ పొద్దున పరగడుపున మాత్ర వేసుకుంటుంది, కాబట్టి లోకంలో జుట్టు రాలినా, జలుబు చేసినా, మొగుడితో పడకపోయినా అది థైరాయిడే. ఆవిడకీ అప్పట్లో రెండు నెలలు ఆగిపోయింది, మాత్ర మొదలుపెట్టాక దారిన పడింది. అమ్మ మాత్రం అక్క మాట కొట్టిపారేసింది. అమ్మ కూరలు తరుగుతూ, తల ఎత్తకుండా, మీ నాన్న పోయినప్పుడు నాకు నాలుగు నెలలు రాలేదే అంది. ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. మేమప్పుడు చిన్నపిల్లలం, అమ్మ ఏడవలేదని మాత్రం గుర్తుంది, అందరూ అదే అనుకున్నారు, ఏడవలేదని. నీకేమైనా దిగులుందా అని అడిగింది అమ్మ. లేదన్నాను. ఉంటే చెప్పు అంది. అంతే, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

చెయ్యెత్తు అన్నారు మాస్టారు, దించు అన్నారు. ఎత్తాను, దించాను. చేతులు చల్లగా ఉన్నాయి, ఇంత ఆవిరిలోనూ. పొద్దున దువ్వెనలో ఎంత జుట్టొచ్చిందో అక్కకి కనపడకుండా కాగితంలో చుట్టి పారేశాను, చూస్తే ఇంకేముంది. బటన్లు కుట్టే అమ్మాయి ఒకతి ఉంది, నా ఈడుదే, ఆ పిల్లకి మూడు నెలలకో నాలుగు నెలలకో వస్తుంది, అండాశయాల్లో నీటిబుడగలున్నాయన్నారట, గడ్డం మీద నాలుగు వెంట్రుకలొస్తే పట్టకారుతో లాగేసుకుంటుంది, అందరి ముందూ, ఏం సిగ్గుపడదు. మా ఇంటికి చుట్టాలు తక్కువలే అంటుంది. నాకూ అదే అనుకున్నాను కొన్నాళ్ళు. స్కూల్లో చివరి పరీక్షలప్పుడు మా తరగతిలో సగం మందికి తేదీలు తారుమారైపోయాయి, అదీ గుర్తొచ్చింది. రాత్రి షిఫ్టులో వేసినప్పుడు ఇస్త్రీ విభాగం ఆడవాళ్ళు అలాగే మొత్తుకుంటారు, పగలు నిద్ర, రాత్రి పని, ఒంటికి ఏది పగలో తెలియాలి కదా అని. ఇన్ని కారణాలున్నాయని ఈ మూడు నెలల్లోనే తెలిసింది. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణముంది, ఎవరిది వాళ్ళు నాకు తొడిగి చూశారు, ఒక్కటీ సరిపోలేదు.

డాక్టరమ్మ కూడా అవన్నీ చెప్పింది, వేళ్ళు ముడుస్తూ. కడుపు కాదని తేలింది. థైరాయిడ్ బాగుంది. రక్తంలో ఇంకేవో చూశారు, అవీ బాగున్నాయి. స్కానింగులో బుడగల్లేవు. ఇంట్లో చావులూ గొడవలూ లేవు, షిఫ్టులు మారలేదు, వాడే మందుల్లేవు. ఇన్ని లేవులయ్యాక, ఏం తింటున్నావు, నిన్న పొద్దుట్నుంచీ చెప్పు అంది. చెప్పాను. పొద్దున టీ, చక్కెర లేకుండా. పదకొండింటికి అరటిపండు, సగం. మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు, పచ్చసొన పిన్నికిచ్చేస్తాను. రాత్రి ఒక గిన్నెడు చారునీళ్ళు. సోమవారం కొలతుంటే ఆదివారం అదీ లేదు. ఇంటికి నడిచే వెళతాను, బస్సెక్కను, నాలుగు మైళ్ళు. ఆకలెయ్యదా అంది. మొదట్లో వేసేదండీ, కడుపులో ఎవరో కూర్చుని గోకినట్టుండేది, తర్వాత అదీ పోయింది అన్నాను. ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. అప్పుడావిడ తుమ్మి, ముక్కు తుడుచుకుని, బరువు చూసే మెషిను ఎక్కించింది. నిరుడు ఇదే ఆసుపత్రిలో కాలు బెణికి వచ్చినప్పుడు రాసిన బరువు పాత చీటీలో ఉంది. ఆరు కిలోలు తక్కువ. మీ మెషిను బాగా లేదండీ అన్నాను, గొంతు తగ్గించి, ఆవిడ నొచ్చుకుంటుందేమోనని. ఎందుకు బాగా లేదూ అంది. నా కొలత మారలేదండీ, అర అంగుళం కూడా, ప్రతి సోమవారం మా మాస్టారు చూస్తారు, కావాలంటే రాసి ఉంటుంది అన్నాను.

ఆవిడ నా మాట కాదనలేదు. మీ మాస్టారి సంగతి నాకు తెలియదు గానీ అని మొదలుపెట్టి, ఆ చీటీ మీద రాస్తూనే చెప్పింది. "ఒళ్ళు పిచ్చిది కాదమ్మా. ఇంట్లో సరుకులు తగ్గితే మనమేం చేస్తాం? ముందు చుట్టాల్ని పిలవడం మానేస్తాం. పొయ్యి ఆర్పెయ్యం కదా. నీ ఒళ్ళు కూడా అదే చేసింది. నువ్వు తింటే అదే మళ్ళీ పిలుస్తుంది." తినకపోతే అని అడిగాను. తినకపోతే ఎముకలు గుల్లబారడం ఇప్పుడే మొదలవుతుంది, నీకు ముప్పై దాటాక తెలుస్తుంది అంది, అంతే మామూలుగా. ఈ రాత్రి నుంచే మొదలుపెట్టు, మూడు పూటలా అంది. సరేనన్నాను. ఇంటికెళ్ళాను. అమ్మ అన్నం పెట్టింది. రేపు పన్నెండింటికి కొలత ఉంది కదా, ఒక్క రోజు, అది గడిచాక తింటాను అనుకున్నాను. కంచం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకున్నాను. అమ్మ చూసింది. గిన్నె మీద మూత పెట్టింది.

ఇప్పుడు పదకొండూ నలభై. పన్నెండింటికి మేడం కొలిస్తే ఇరవై ఎనిమిదే ఉంటాను, అందులో నాకు సందేహం లేదు, దానికోసమే కదా ఇంతా. తర్వాత? రాబోయే సోమవారం? తింటే పెరుగుతాను. ఆ మాత్రం తినకుండా, ఇంత ఒళ్ళు హింసపెట్టుకుంటేనే ఇరవై ఎనిమిది దగ్గర నిలబడుతోంది, మూడు పూటలా తింటే ఎక్కడ ఆగుతుంది. ఇరవై తొమ్మిదైతే ఈ పీట నాది కాదు. మీకు ఇదొక ఉద్యోగమా అనిపించవచ్చు, సూదులు గుచ్చించుకునే ఉద్యోగం. కిందటేడు ఒక సాయంత్రం బస్సులో నా ముందు సీటులో ఒకావిడ కూర్చుంది, బూడిదరంగు ప్యాంటు, పక్కన కూరగాయల సంచి, లేచి నిలబడింది, వంగి సంచి తీసుకుంది, వెనక ఎక్కడా ముడత పడలేదు, ఎక్కడా లాగలేదు. ఆ ప్యాంటు నా మీద పుట్టింది. మూడు రోజులు నిలబెట్టారు నన్ను దానికోసం. ఆవిడ దిగిపోయేదాకా చూస్తూనే ఉన్నాను, నా స్టాపు దాటిపోయింది. ఎవరికి చెప్పుకుంటాను ఆ సంతోషం. అక్కకి చెబితే, ఆవిడెవరో కూర్చుంటే నీకేంటే అంది. ఈ పీట దిగమంటే నేను ఎవరినో నాకు తెలియదు, అదీ నా భయం. తిన్నా పోతుంది, తినకపోయినా పోతుంది, ఒకటి ఉద్యోగం, ఒకటి ఒళ్ళు.

మొదటిసారి పెరిగావు అన్న రోజు బాగా గుర్తుంది. ఎండాకాలం పోతూ పోతూ ఉంది, ఈ గదిలోకొచ్చి రెండు నెలలైంది. సోమవారం మాస్టారు టేపు వేసి, మళ్ళీ వేసి, బొమ్మా, అర అంగుళం పెరిగావే అన్నారు, నవ్వుతూనే. అప్పటిదాకా నేను తిండి గురించి ఆలోచించిన మనిషినే కాదు. అమ్మ పెట్టినంత తినేదాన్ని, పిన్ని డబ్బాలోంచి కూడా లాక్కునేదాన్ని, ఒళ్ళు దాని పాటికది ఇరవై ఎనిమిది దగ్గర ఉండేది. సరే అని రాత్రి అన్నం మానేశాను. తగ్గింది. నెల తిరిగేసరికి మళ్ళీ పావు అంగుళం. మధ్యాహ్నం అన్నం మానేశాను. తగ్గింది. మళ్ళీ పావు. పట్టు వదలకుండా పెరుగుతోంది ఒళ్ళు, నేనూ పట్టు వదల్లేదు. విచిత్రమేమిటంటే ఇంటి నుంచి వేసుకొచ్చే లంగా మాత్రం జారిపోయేది. ఇప్పుడు కూడా ఆ గోడకి తగిలించి ఉంది, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుని, మొదట ఒకటి, ఇప్పుడు రెండు. ఉతికి ఉతికి సాగిపోయిందనుకున్నాను. లంగా సాగిందనుకున్నాను గానీ.

గానీ ఏమిటి. ఏదో అనబోయి ఆగిపోయాను, లోపలే. తలుపు తెరుచుకుంది.

మేడం పొట్టిగా ఉంది, గబగబా నడుస్తుంది, పది నిమిషాలు ముందే వచ్చింది. మాస్టారికి నమస్కారం పెట్టింది, పిన్నిని కూర్చోమంది, నా వైపు చూసి, నిలబడి ఎంతసేపైందమ్మా అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. సంచిలోంచి కొత్త టేపు తీసింది, పైన కవరు కూడా చింపలేదు, మా ముందే చింపింది. వచ్చి నా నడుముకి చుట్టింది. చల్లగా తగిలింది. నేను ఊపిరి బిగబట్టలేదు, ఆ దొంగతనం నాకు అలవాటు లేదు. ఆవిడ అంకె చూసింది, వేలు జరిపి మళ్ళీ చూసింది. ఇరవై ఏడు కూడా లేదు అంది.

ఉండదేంటి మేడం అన్నారు మాస్టారు, సోమవారం నేనే కొలిచాను. కొక్కెం మీంచి తన టేపు అందుకుని, ఆవిరికి గోరువెచ్చగా ఉన్న టేపు, నా నడుముకి చుట్టారు. ఇరవై ఎనిమిది. చూడండి అన్నారు. మేడం తనది చుట్టింది, చూడండి అంది. ఆయన మళ్ళీ, ఆవిడ మళ్ళీ. నా నడుము చుట్టూ రెండు టేపులు, రెండూ ఒకేచోట, రెండు అంకెలు. ఇద్దరూ పెద్దమనుషులు, ఇద్దరూ గొంతు పెంచట్లేదు గానీ ఎవరూ తగ్గట్లేదు. నేనేమో గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు పిన్ని స్టూలు మీంచి లేవకుండానే, "మనిషిని వదిలేసి, ఆ రెంటినీ బల్ల మీద పరచండి" అంది.

పరిచారు. మేడం సంచిలోంచి ఉక్కు స్కేలు తీసి అంచున పెట్టింది. తల తిప్పకూడదన్న సంగతి మర్చిపోయి తిప్పాను. పీట మీంచి నాకు అందరికంటే బాగా కనిపించింది. కొత్త టేపూ స్కేలూ గీతకి గీత కలిశాయి. మాస్టారి టేపు మొదటి నాలుగు అంగుళాలు కలిసినట్టే ఉండి, పది దగ్గర కాస్త వెనకబడి, ఇరవై దగ్గర ఇంకాస్త వెనకబడి, దాని ఇరవై ఎనిమిది వచ్చి కొత్త టేపు ఇరవై ఏడుకి కొంచెం ఇవతలే ఆగిపోయింది. మాస్టారు దాన్ని చేత్తో లాగి సాగదీశారు. వదిలేస్తే మళ్ళీ అక్కడికే వచ్చింది. మేడం తల ఎత్తి కొక్కెం వైపు చూసింది, దాని పక్కన బుస కొడుతున్న ఆవిరి గొట్టం వైపు చూసింది, ఎన్నాళ్ళుగా అక్కడ తగిలిస్తున్నారు అని అడిగింది. పది నెలలు అని పిన్నే చెప్పింది.

మెట్ల దగ్గర అట్టపెట్టెలు, గోడ మీద రెండు పిన్నీసుల లంగా, డాక్టరమ్మ మెషిను, అన్నీ ఒక్కసారి నా ముందుకొచ్చి నిలబడ్డాయి, వరసగా. పది నెలలు నేను పెరగలేదు. ఒక్క పూట కూడా పెరగలేదు. లంగా చెప్పింది, మెషిను చెప్పింది, దువ్వెన చెప్పింది, తొంభై నాలుగు రోజులు చెప్పాయి. నేను టేపునే నమ్మాను. ఈ గదిలో పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు ఇంత వెర్రి పని, మామూలు ఆడపిల్లయితే లంగా జారితే చిక్కిపోయాననుకుని కాస్త ఎక్కువ తినేది. కోపం వచ్చింది. ముందు ఆ టేపు మీద, తర్వాత నా మీద. మాస్టారి మీద మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు, ఆయన ముఖం అలా ఉంది.

మేడం ఏదో రాసుకుంటూ, తప్పు దొరికింది కదా, నమూనాలన్నీ మళ్ళీ దిద్దాలి, ఈలోగా ఇరవై ఎనిమిది ఉన్న అమ్మాయిని చూడండి అంది. మాస్టారు తన టేపుని చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నారు, మెడలో వేసుకోలేదు.

"ఇరవై ఎనిమిది అమ్మాయి ఈమేనండీ" అన్నారు. "ఆ అంగుళం నా టేపు తినేసింది. రెండు నెలలు టైమివ్వండి, ఈమె మీదే దిద్దుతాను."

మేడం నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. రెండు నెలలు అని రాసుకుంది. మాస్టారు పీట దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఎప్పుడూ నా నడుము తప్ప ముఖం చూడరు ఆయన, ఇప్పుడు తల ఎత్తి చూశారు. ఎప్పట్నుంచి తినట్లేదు నువ్వు అని అడిగారు. మీరు అర అంగుళం పెరిగానన్న రోజు నుంచి అన్నాను. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్ని పచ్చసొనలు తిన్నానే నేను అంది, తనలో తాను. మాస్టారు కొత్త టేపు అందుకున్నారు, రా అమ్మా, సరిగ్గా ఒకసారి కొలిచి రాసుకుంటాను అన్నారు. బొమ్మా అనలేదు.

పన్నెండు గంట కొట్టారు. బయట నడవాలో డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, ఒక్కసారిగా ఇంతమంది అన్నాల వాసన, రోజూ వచ్చేదే, ఈ మధ్య ముక్కు దాకా వచ్చి ఆగిపోయేది. ఇవాళ లోపలికి దిగింది. కడుపులో ఏదో మెలిక తిరిగింది. భయపడ్డాను ఒక్క క్షణం, తర్వాత గుర్తుపట్టాను, ఎంత కాలమైందో దాన్ని చూసి. కోరా గుడ్డకి గుచ్చిన సూదులు నేనే ఒక్కొక్కటీ తీసి పిన్ని దిండులో గుచ్చాను. గుడ్డ విప్పి చెక్క బొమ్మకి కప్పాను. లంగా కట్టుకుని, పిన్నీసులు రెండూ పెట్టుకుని, పీట దిగాను. మాస్టారు టేపు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"ఆకలేస్తోంది మాస్టారూ" అన్నాను. "ముందు అన్నం తినొస్తాను. కొలత ఎక్కడికీ పోదు."